హాకీ జట్టుతో కడపకు

కర్నూలు నుంచి కడపకు మేము అనేకసార్లు ప్రయాణించాము. ఇజ్తెమాలకు వెళ్లాము, నికాహ్‌లకు వెళ్లాము, ఒకసారి మా సహాధ్యాయి జనాజా నమాజుకు రాత్రికి రాత్రి బయలుదేరి వెళ్లాము. హాకీ కర్రల సంచి ఒళ్లో పెట్టుకుని వెళ్లడం మాత్రం ఇదే మొదలు. యాభై దాటిన వయసులో, తలపై టోపీతో, పద్దెనిమిది మంది కళాశాల విద్యార్థుల నడుమ కూర్చున్న మమ్మల్ని చూసి బస్సు డ్రైవరు "దర్గాకా హజ్రత్?" అని అడిగాడు. "హాకీకి" అన్నాము. అతడు అద్దంలోంచి మరోసారి మా వైపు చూసి బండి తీశాడు.

ఈ ప్రయాణానికి కారణం ఒక తల్లి. నవంబరు మొదటి వారంలో ఒకనాడు మగ్రిబ్ తర్వాత ఆమె మదరసా గుమ్మం దగ్గరకు వచ్చి, పరదా అవతల నిలబడి సలాం చెప్పింది.

"ఉస్తాద్, మా వాడు మీ దగ్గరే హిఫ్జ్ పూర్తి చేశాడు. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ హాకీ జట్టులో ఆడుతున్నాడు. వాళ్ల అబ్బా కువైట్ నుంచి ఫోన్ చేసి, ఇక ఆటలు చాలు, పరీక్షలు అయ్యాక వీసా పంపిస్తాను, వచ్చేయమనండి అంటున్నారు. మీరు ఒక్కసారి వాడి వెంట వెళ్లి చూడండి. అది చెడ్డ పని అయితే చెడ్డదని చెప్పండి, నేనే మానిపిస్తాను. కాకపోతే ఆ మాట వాళ్ల అబ్బాకు మీరే చెప్పాలి. మీ మాట ఆయన కాదనరు."

కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "మా తమ్ముడి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది" అన్నది.

గుర్తున్నది. అది 2005 ప్రాంతపు మాట. ఆమె తమ్ముడికి అప్పుడు పన్నెండేళ్లు ఉండవచ్చు. అసర్ కాగానే హాకీ కర్ర పట్టుకుని మాయమయ్యేవాడు, మరునాటి సబఖ్ సగమే వచ్చేది. ఒకరోజు మేము ఆ కర్రను లాక్కుని సామాన్ల గదిలో బీరువా వెనుక పెట్టి తాళం వేశాము. పిల్లలందరి ముందు నాలుగు మాటలు కూడా అన్నాము. ఆ తర్వాత నాలుగు రోజులు వచ్చాడు, ఐదో రోజు నుంచి రాలేదు. ఇంటికి మనిషిని పంపాము. మేము స్వయంగా వెళ్లలేదు. వాడు కొన్నాళ్లు ఉల్లిగడ్డల లారీకి క్లీనరుగా తిరిగి, ఇప్పుడు డ్రైవరు అయ్యాడు. ఎదురైతే ఇప్పటికీ వినయంగా సలాం చెబుతాడు. ఆ వినయం మాకు కష్టంగా ఉంటుంది.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారిగా పొంగి కర్నూలును ముంచినప్పుడు మా మదరసా కింది అంతస్తు మొత్తం నీళ్లలో ఉండిపోయింది. నీళ్లు తీసిన తర్వాత తడిసిన కితాబులు మిద్దె మీద ఆరబెడుతుంటే వాటి మధ్య ఆ కర్ర బయటపడింది. మల్బరీ చెక్క, నీటికి ఉబ్బి విల్లులా వంగిపోయింది. పారవేయడానికి చేయి రాలేదు. ఎండబెట్టి మళ్లీ అదే బీరువా వెనుక పెట్టాము.

ఆట విషయంలో షరీఅత్ ఏమంటున్నదో మాకు తెలియనిది కాదు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన సంగతి, పండుగనాడు హబషీలు మస్జిదులో ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే ఆమెకు చూపించిన సంగతి, రుకానాతో కుస్తీ పట్టిన సంగతి మేము ఏటా పాఠంగా చెబుతూనే ఉన్నాము. జూదం ఉండకూడదు, నమాజు తప్పకూడదు, శరీరంలో కప్పుకోవలసిన భాగం కప్పుకోవాలి అన్న షరతులు కూడా వరుసగా వ్రాయిస్తాము. అయినా ఆ రోజు ఆ పిల్లవాడి చేతిలోంచి కర్ర లాక్కున్నది మేమే.

మా పట్టణంలో ఈ ఆలోచన కొత్తది కూడా కాదు. అఫ్జలుల్ ఉలమా డాక్టర్ అబ్దుల్ హఖ్ సాహెబ్ ఈ కర్నూలు బిడ్డే. అరబీ పాండిత్యంతో పాటు ఆక్స్‌ఫర్డ్ చదువూ చదివి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు ప్రిన్సిపాల్ అయి, 1947లో సొంత ఊరిలో ఉస్మానియా కళాశాల నెలకొల్పారు. నేడు కర్నూలులోని ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఉన్నది వారి పేరే. ఒక ఆలిం కళాశాల గుమ్మం దాటితే ఏమీ కోల్పోడని మా ఊరి పెద్దమనిషి ఎన్నడో చూపించారు. మేము మాత్రం కళాశాల మైదానాల పక్కగా వేలసార్లు నడిచి కూడా లోపల ఏ ఆట జరుగుతున్నదో ఆగి చూసింది లేదు.

పోటీలు కడపలోని ఒక కళాశాలలో. సీమ జిల్లాల నుంచి ఆరు కళాశాలల పురుషుల జట్లను ఆహ్వానించారు. మూడేసి జట్ల చొప్పున రెండు గ్రూపులు, ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లు సెమీఫైనల్‌కు. ఇది విశ్వవిద్యాలయం జరిపే అధికారిక పోటీ కాదు. అధికారిక మార్గం వేరు. ఒక విశ్వవిద్యాలయం కింది కళాశాలలు తమలో తాము ఆడితే అందులోంచి విశ్వవిద్యాలయ జట్టును ఎంపిక చేస్తారు, ఆ జట్టు దక్షిణ మండల పోటీలకు, అక్కడ నెగ్గితే అఖిల భారత పోటీలకు వెళుతుంది. అయితే ఇలాంటి ఆహ్వాన పోటీలకు ఎంపిక చేసేవారు కూడా వచ్చి కూర్చుంటారని, రైల్వేలోనో పోలీసు శాఖలోనో క్రీడాకారుల కోటాలో ఉద్యోగం ఆశించే పిల్లలకు ఇక్కడ కనబడడమే పెద్ద సంగతి అని వారి పీడీ సార్ చెప్పారు. ఆయన మా ఈడువారే. మమ్మల్ని "మౌల్వీ సాబ్" అని పిలుస్తూ కిటికీ పక్క సీటు ఇచ్చారు.

ఫజర్ నమాజు కాగానే బయలుదేరాము. కర్నూలు నుంచి కడపకు దాదాపు 200 కిలోమీటర్లు. ఓర్వకల్లు దాకా రాళ్లు, మళ్లీ రాళ్లు. ఎవరో ఒకదానిమీద ఒకటి పేర్చి మరచిపోయినట్లు నిలబడిన గుండ్లు. పాణ్యం దాటి నంద్యాల వైపు వస్తుంటే నేల నల్లబడుతుంది. శనగ మొలకెత్తిన చేలు కనబడతాయి. నంద్యాల తర్వాత కె.సి. కాలువ తోడు వస్తుంది. ఈ కాలువ మీద మాకు మొదటి నుంచీ ఒక మమకారం. దాని పేరులోనే కర్నూలు ఉన్నది, కడప ఉన్నది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే తెల్లవారి సంస్థ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి దీనిని తవ్వించింది. సాగుకే కాదు, పడవలు నడపాలన్నది కూడా వారి ఉద్దేశం. లాభాలు రాక 1882లో ప్రభుత్వానికి అమ్ముకున్నారు. 300 కిలోమీటర్లకు పైగా పారే ఆ నీళ్లు ఎక్కడ చేరితే అక్కడ వరి, పసుపు. చేరని చోట కంప చెట్లు. ఆళ్లగడ్డ శిల్పుల ఉలి చప్పుడు, చాగలమర్రి మస్జిదు మినార్లు, మైదుకూరు పసుపు బస్తాలు దాటి, చెన్నూరు దగ్గర పెన్నా వంతెన ఎక్కితే కడప వచ్చినట్లే. పెన్నాలో ఇసుక ఎక్కువ, నీరు తక్కువ. ఆ ఇసుకలోనే పిల్లలు రాళ్లు వికెట్లుగా నిలిపి క్రికెట్ ఆడుతున్నారు.

బస్సులో జరిగిన ఒక ముచ్చట చెప్పాలి. జట్టు కెప్టెన్ తన ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఆ కళాశాలలో చదివి అమెరికా వెళ్లిన ఒక పూర్వ విద్యార్థి పంపాడట. మంచు మీద హాకీ. పెద్ద భవనం లోపల నేలంతా అద్దంలా గడ్డకట్టిన మంచు, చుట్టూ నడుము ఎత్తు చెక్క గోడ, ఇనుప బద్దీలు బిగించిన బూట్లతో జారుతూ ఆడేవాళ్లు. తలకు టోపం, ఒంటికి దిండ్ల వంటి కవచాలు. జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురే బరిలో ఉంటారు. బంతి లేదు, బిళ్లలాంటి నల్లని రబ్బరు ముక్క ఉంటుంది. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు ఆడతారు. అక్కడి కళాశాలలు కాన్ఫరెన్స్ అనే కూటములుగా ఏర్పడి చలికాలమంతా ఆడతాయట. మార్చిలో ప్రతి కూటమిలోనూ ఓడినవారు ఇంటిముఖం పట్టే పోటీలు పెడతారు. అక్కడ గెలిచిన జట్టుకు 16 జట్ల జాతీయ పోటీలో నేరుగా చోటు దొరుకుతుంది. వేల మంది జనం చప్పట్లు కొడుతున్నారు. తప్పు చేసిన ఆటగాణ్ని రెండు నిమిషాలు పక్కన ఒక గదిలాంటి పెట్టెలో కూర్చోబెట్టడం మాకు బాగా నచ్చింది. మదరసాలో ప్రయత్నించి చూడదగ్గ పద్ధతి. మన హాకీలో కూడా పచ్చ కార్డు చూపిస్తే రెండు నిమిషాలు బయట ఉండవలసిందేనని మా హాఫిజ్ చెప్పాడు.

"మన కర్నూలులో మంచు అంటే చేపల మార్కెట్లోనే సార్" అన్నాడు గోల్‌కీపర్. అందరూ నవ్వారు. మన దేశంలోనూ లడఖ్‌లో గడ్డకట్టిన చెరువుల మీద ఈ ఆట ఆడతారని, కార్గిల్, ద్రాస్ ముస్లిం పిల్లలు కూడా అందులో ఉన్నారని పీడీ సార్ అన్నారు. అక్కడి నుంచి మాట అస్లం షేర్ ఖాన్ మీదికి మళ్లింది. 1975 మార్చిలో కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్ సెమీఫైనల్. మలేషియా మీద భారత్ ఒక గోల్ వెనుకబడి ఉన్నది, సమయం అయిపోవస్తున్నది. అప్పటిదాకా బయట కూర్చున్న అస్లంను లోపలికి పంపారు. పెనాల్టీ కార్నర్ కొట్టే ముందు మెడలోని తావీజును ముద్దుపెట్టుకుని కొట్టాడు, గోల్ అయింది. అదనపు సమయంలో మరో గోల్ చేసి భారత్ ఫైనల్‌కు వెళ్లింది. ఫైనల్లో పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి కప్పు తెచ్చింది. అస్లం తండ్రి అహ్మద్ షేర్ ఖాన్ కూడా 1936 ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన జట్టువాడే. పీడీ సార్ ఇదంతా కళ్లు మెరుస్తుండగా చెప్పారు. తావీజుల గురించి మా అభిప్రాయం ఒకటి నాలుక చివరి దాకా వచ్చింది. పిల్లల ముఖాలు చూసి మింగేశాము.

కడపలో దిగేసరికి పదకొండు. చుట్టూ పాలకొండలు, నడుమ వేడి గిన్నెలో కూర్చున్నట్లుండే పట్టణం. నవంబరులోనూ మిట్టమధ్యాహ్నం ఎండ వీపు మీద చరుస్తుంది. ఆటగాళ్లకు తరగతి గదులలో బస. కింద కడప బండ పరచిన నేల, దాని మీద చాపలు. మా మదరసా నేల కూడా ఇదే నల్లని బండ కనుక నిద్రకు మాకు ఇబ్బంది కలగలేదు. జుహర్‌కు పక్క వీధి మస్జిదుకు వెళ్లాము. మేము ముసాఫిర్లమే అయినా స్థానిక ఇమాం వెనుక నిలబడినందున నాలుగు రకాతులూ పూర్తిగా చదివాము. ఆ మస్అలాను దారిలో హాఫిజ్‌ను అడిగితే తడుముకోకుండా చెప్పాడు. మాకు సంతోషమయింది.

మైదానం ఎర్రమట్టిది. పచ్చని కృత్రిమ తివాచీ మైదానాలు ధనం ఉన్నచోట. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి పెద్ద పోటీలన్నీ ఆ తివాచీ మీదనే. దానికి ప్రతి ఆటకు ముందు ధారాళంగా నీళ్లు చల్లాలి. అంతకుముందు ఏడుసార్లు ఒలింపిక్ బంగారం గెలిచిన మన దేశం ఆ తర్వాత 1980లో ఒక్కసారి తప్ప ఇప్పటిదాకా మళ్లీ గెలవలేదు. తివాచీ మీద ఆట వేరు, మట్టి మీద ఆట వేరు అంటారు పీడీ సార్. సీమలో ఆ నీళ్లు ఎక్కడివి? ఇక్కడి మట్టి మైదానానికే ఉదయం ఒక ట్యాంకరు నీళ్లు కొని చల్లిస్తున్నారు, దుమ్ము అణగడానికి. మధ్యాహ్నానికి ఆ తడి పోతుంది. ఆట జోరందుకుంటే బంతి ఎక్కడున్నదో దుమ్ము లేచిన చోటును బట్టి తెలుసుకోవలసిందే. మూడో రోజు ట్యాంకరు ఆలస్యమైతే, ఆతిథ్యమిచ్చిన కళాశాల విద్యార్థులు హాస్టలు నుంచి బకెట్లతో నీళ్లు మోసి గోల్ ముందు భాగం మాత్రం తడిపారు. వారి జట్టు అప్పటికే ఓడిపోయింది. అయినా మోశారు.

మేము వచ్చిన పని మరువలేదు. మూడు రోజులూ హాఫిజ్‌ను కనిపెట్టుకుని ఉన్నాము. మిగతావారి నిక్కర్లు మోకాళ్ల పైకి ఉంటే అతడు లోపల మోకాళ్లు దాటే నల్లని బిగుతు లాగు తొడుక్కున్నాడు. ఎవరూ ఎగతాళి చేయలేదు, అలవాటైనట్లున్నది. ఫజర్‌కు అతణ్ని లేపడానికి డోన్ నుంచి వచ్చే ఆ గోల్‌కీపర్, వేరే మతస్థుడు, తన ఫోనులో అలారం పెట్టుకుంటాడు. ఆట ముగిశాక బూతులు మాట్లాడినవారు ఉన్నారు. ఇతడు మాట్లాడలేదు, మాట్లాడేవారి దగ్గరి నుంచి లేచి పోనూ లేదు. రాత్రి రాగి సంగటి తింటూ ఒకరి విస్తరిలోది మరొకరు లాక్కుంటున్నారు. మేము వెతికిన చెడు మాకు కనబడలేదు. నిజం చెప్పాలంటే రెండో రోజుకే వెతకడం మానేసి ఆట చూడసాగాము. జట్టు మొదటి ఆట గెలిచింది, రెండోది సమానం చేసుకుని సెమీఫైనల్ చేరింది.

సెమీఫైనల్ మూడో రోజు రెండున్నరకు. పదిహేను నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. మూడు భాగాలు ముగిసేసరికి చెరొక గోల్. హాఫిజ్ వెనుక వరుసలో కుడివైపు ఆడతాడు. అతని పని గోల్ కొట్టడం కాదు, ఎదుటివారి దారి మూయడం. కర్రను నేలకు ఆనించి, వంగి, చేపను గంపతో అడ్డగించినట్లు బంతిని అడ్డగిస్తాడు. అతడు మా ముందు కూర్చుని సూరాలు వల్లించేటప్పుడు కూడా అలాగే ముందుకు వంగేవాడని మాకు తోచింది. మేము ఎప్పుడు లేచి నిలబడ్డామో తెలియదు. పక్కనున్న పిల్లలతో కలిసి అరిచాము కూడా. గొంతు మరునాటిదాకా బొంగురుగానే ఉన్నది.

ఆట ముగియడానికి రెండు నిమిషాలు ఉన్నదనగా ఎదుటి జట్టు ఆటగాడు కుడివైపు నుంచి దూసుకువచ్చి బంతిని గోల్ ముందుకు కొట్టాడు. గోల్ ముందు గీసే అర్ధవృత్తాన్ని ఆటగాళ్లు డి అంటారు. ఆ డి లోపల, లేచిన దుమ్ములో, బంతి ఎవరికో తగిలి పక్కకు పోయింది. ఎదుటివారు చేతులెత్తి అరిచారు. బంతి డి లోపల కాపుకాసేవాడి పాదానికి తగిలితే పెనాల్టీ కార్నర్ ఇవ్వాలన్నది నియమం. అంపైరుకు కనబడలేదు. ఆడండి అన్నట్లు చేయి ఊపాడు. మా వాళ్లు బంతి తీసుకుని ముందుకు కదిలారు కూడా.

హాఫిజ్ కదలలేదు. నిలబడిన చోటే చేయి పైకెత్తి, కర్రతో తన ఎడమ బూటును చూపించాడు.

అంపైరు ఈల వేశాడు. ఒక్క క్షణం మైదానమంతా నిశ్శబ్దం. ఆ క్షణంలో మా మనసులో పుట్టిన మాటను ఇక్కడ దాచడం న్యాయం కాదు. "ఎందుకు చెప్పావురా?" అనుకున్నాము. ఆరేళ్లపాటు అతనికి సిద్ఖ్ గురించి, అమానత్ గురించి పాఠాలు చెప్పినవాళ్లం మేము. ఆ పిల్లవాడి చేయి పైకి లేచినప్పుడు మా కడుపులో కలిగింది సంతోషం కాదు, కోపం. అది నిమిషమో అరనిమిషమో ఉన్నది. ఉన్నదన్నది మాత్రం నిజం. అస్తగ్‌ఫిరుల్లాహ్.

పెనాల్టీ కార్నర్‌కు గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురు గోల్ గీత వెనుక నిలబడాలి. బంతి లోపలికి నెట్టగానే అందరికంటే ముందు పరుగెత్తి కొట్టేవాడికి అడ్డం పడవలసినవాడు హాఫిజే. పరుగెత్తాడు. బంతి అతని ఎడమ పక్క నుంచి జానెడు దూరంలో పోయింది. గోల్ వెనుక చెక్క పలక ఠక్కున మోగింది. 2-1. మిగిలిన సమయంలో ఏమీ జరగలేదు.

కెప్టెన్ మోకాళ్ల కింద కట్టుకున్న కవచాలు విప్పి నేలకేసి కొట్టాడు. హాఫిజ్ వైపు చూడనైనా చూడలేదు. ఇద్దరు ముగ్గురు వినబడేటట్లే ఏదో అన్నారు. ఎదుటి జట్టు కెప్టెన్ మాత్రం నడిచి వచ్చి హాఫిజ్ చేయి పట్టుకుని ఏదో చెప్పి వెళ్లాడు. పీడీ సార్ ఏమంటారోనని మేము దగ్గరకు వెళ్లాము. ఆయన పిల్లవాడి భుజం మీద చేయి వేసి, "పాదం ముందు పెడుతున్నావు నాయనా, నెల రోజులుగా చెబుతున్నాను. ముందుండవలసింది స్టిక్. సోమవారం నుంచి అదే ప్రాక్టీసు" అన్నారు. అంతే. తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. గురువుగా మా వృత్తిలో మేము ఆయన దగ్గర నేర్చుకోవలసినది ఉన్నదనిపించింది.

అసర్, మగ్రిబ్ కడపలోనే చదివి బయలుదేరాము. బస్సులో వచ్చేటప్పటి సందడి లేదు. మైదుకూరులో టీ కోసం ఆపినప్పుడు పక్కనే చాప పరచి ఇషా రెండు రకాతులు ఖసర్ చేసి, విత్ర్ చదువుకున్నాము. సలాం తిప్పిన తర్వాత హాఫిజ్ చాప మడవకుండా కూర్చున్నాడు.

"ఉస్తాద్, ఒక మస్అలా."

"అడుగు."

"నా హక్కు నేను వదులుకోవచ్చు. కానీ అక్కడ గెలుపు నా ఒక్కడిదే కాదు కదా. పదిమంది హక్కు కూడా ఉంది. కెప్టెన్‌కు రైల్వే సెలక్షన్ మీద ఆశ ఉంది. వాళ్లను అడగకుండా నేను చేయి ఎత్తవచ్చునా?"

ముప్పై ఏళ్లుగా మస్అలాలు చెబుతున్నాము. వారసత్వం గురించి, తలాఖ్ గురించి, జకాత్ గురించి అడిగితే వెంటనే కితాబు పేరు కూడా చెబుతాము. ఆ రాత్రి వెంటనే జవాబు రాలేదు. టీ చల్లారిపోయింది. కర్నూలు ఉల్లి మార్కెట్‌లో నలుగురు భాగస్వాములు ఒక దుకాణం పెట్టారనుకో అని చివరకు మొదలుపెట్టాము. తూకంలో తేడా వచ్చినట్లు ఒక్కడికే తెలిసింది. కొన్నవాడికి చెబితే నష్టం నలుగురిదీ. చెప్పడానికి మిగతా ముగ్గురి అనుమతి కావాలా? అక్కరలేదు, ఎందుకంటే ఆ అదనపు సొమ్ము ఆ నలుగురిదీ కాదు. కాని వారి హక్కు వారికి లేకుండా చేయడమూ కాదు. అయితే ఆ ముగ్గురికీ మనసు నొచ్చుకున్నది కనుక వారి దగ్గరకు వెళ్లి మాట్లాడవలసిన బాధ్యత మాత్రం అతనిదే.

"అంపైరు ఉన్నాడు కదా ఉస్తాద్? చూడవలసింది ఆయన కదా?"

"ఉన్నాడు. ఆయనకు కనబడలేదు. నీకు తెలుసు." అంతవరకే చెప్పగలిగాము. ఇంకా లోతుగా చూడవలసిన విషయమే అనిపించి, ఇన్షా అల్లాహ్ పెద్దవారిని కూడా అడిగి చెబుతానన్నాము. మా మనసులో కలిగిన కోపం సంగతి అతనికి చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పాము. అతడు తల వంచుకుని నవ్వాడు. "నాకూ కలిగింది ఉస్తాద్, చేయి ఎత్తిన తర్వాత" అన్నాడు. తర్వాత లేచి, బస్సు దగ్గర ఒంటరిగా నిలబడి ఉన్న కెప్టెన్ వైపు వెళ్లాడు. వారేమి మాట్లాడుకున్నారో మాకు వినబడలేదు. ఆళ్లగడ్డ దాటేసరికి ఇద్దరూ ఒకే సీటులో, ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోతున్నారు.

ఓర్వకల్లు దగ్గరకు వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. కువైట్‌లో మనకంటే రెండున్నర గంటలు వెనుక. అతని తండ్రి డ్యూటీ దిగి గదికి చేరి ఉంటాడు. ఫోన్ చేశాము. సలాములయ్యాయి. చూసినదంతా చెప్పాము: అలారం పెట్టే గోల్‌కీపర్ సంగతి, మోకాళ్లు దాటే లాగు సంగతి, నమాజుల సంగతి. తర్వాత పాదం సంగతి. పాతికేళ్ల కింద అయితే మేము మరోలా మాట్లాడేవాళ్లమేమో, ఇప్పుడు మాత్రం ఈ ఆటను మాన్పించమని మా నోటితో చెప్పలేము అన్నాము. డిగ్రీ పూర్తయ్యేదాకా ఆడనివ్వు, ఆ తర్వాతి సంగతి తండ్రీ కొడుకులు కూర్చుని తేల్చుకోండి అన్నాము. మా బీరువా వెనుక ఉన్న వంగిన కర్ర గురించి కూడా చెప్పాము. అది తన బావమరిదిదేనని అతనికి అప్పటిదాకా తెలియదు.

అవతల చాలాసేపు మాట లేదు. ఫోను తెగిపోయిందేమో అనుకున్నాము. వెనుక ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడుతూనే ఉన్నది.

"అయితే ఓడిపోయారా ఉస్తాద్?" అన్నాడు చివరకు.

"ఓడిపోయారు."

"ఆ బంతి గట్టిగా ఉంటుందటగా. వాడి కాలికి దెబ్బేమీ తగల్లేదు కదా?"